గోడ పడుతోందని ఆమె అన్నదట

డైరెక్ట్ స్పీచ్‌ని ఇండైరెక్ట్ స్పీచ్‌గా మార్చడంలో మా డివిజన్ మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పగా చెప్పుకోవడానికి నాకు వేరే విషయం ఏదీ లేదు కూడా. ఇరవయ్యారేళ్ల సర్వీసులో నేను ఇల్లు కట్టలేదు, ప్రమోషన్ తెచ్చుకోలేదు, సముద్రం పక్కన పుట్టి ఈత కూడా నేర్చుకోలేదు. కానీ పెదలింగాలవలస హైస్కూల్లో తవిటినాయుడు మాస్టారి దగ్గర, అంటే నా దగ్గర, పదో తరగతి చదివిన పిల్లవాడెవడైనా ఇంగ్లీషులో తన పేరు తప్పు రాస్తాడేమో గాని ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం మార్కులు పోగొట్టుకోడు.

నా పద్ధతి సులువు. ముందు కొటేషన్ గుర్తులు పీకెయ్యాలి. మాటకి అటూ ఇటూ చెవిపోగుల్లా వేలాడుతుంటాయే, అవి. తర్వాత ‘నేను’ని ‘అతను’ చెయ్యాలి. ‘ఇక్కడ’ని ‘అక్కడ’ చెయ్యాలి. ‘ఇప్పుడు’ని ‘అప్పుడు’ చెయ్యాలి. జరుగుతున్నదాన్ని జరిగిపోయినదిగా చెయ్యాలి. ఇంతా అయ్యాక ఆ మాట ఎవరిదో, ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ పట్టదు. మార్కులు మాత్రం పడతాయి. గుర్తులు పీకడం మర్చిపోయిన వాళ్ల నోటుబుక్కుల్లో నేనే ఎర్ర పెన్నుతో వాటిని కొట్టేసేవాణ్ణి. అలా ఎన్ని వేల గుర్తులు కొట్టేశానో లెక్క లేదు.

ఈ విద్య బడి దాటి బయట కూడా పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. పనికొచ్చింది.

దీనికంతటికీ మూలం మా డిప్యూటీ విద్యాధికారి వేదాద్రి గారు ఒకచోట నోరు జారడం. పక్క మండలంలో తల్లిదండ్రుల సమావేశం. మిట్టమధ్యాహ్నం, ఉక్కపోత, ఆయనింకా భోంచెయ్యలేదు. ఎవరో లేచి, ఈ పాత బడి గోడలు ఎప్పుడు బాగుచేయిస్తారండీ అని అడిగారు. ఆయన “పడనివ్వండి, పడ్డాక చూద్దాం” అన్నారు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటో పక్కనే ఆ మూడు మాటలూ కొటేషన్ గుర్తుల మధ్య నిలబడి ఉన్నాయి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నేను అనలేదందామంటే గుర్తులున్నాయి. విలేకరి సెల్‌ఫోన్లో గొంతు ఉంది.

వేదాద్రి గారు రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూచుని ఆలోచించారు. అదే పేపర్లో, అదే పేజీలో, ఇంకో అధికారి గురించి ‘సమస్యను త్వరలో పరిశీలిస్తామని ఆయన అన్నట్లు తెలిసింది’ అని ఒక మూల వేశారు. ఆ అధికారికి ఒక్క ఫోనూ రాలేదు. ఎందుకొస్తుంది? ఆయన ఏమీ అనలేదు. అన్నట్లు తెలిసింది, అంతే. దానితో తప్పు మాటది కాదనీ, గుర్తులదనీ వేదాద్రి గారికి తేటతెల్లమైంది.

మూడో రోజు సర్క్యులర్ వచ్చింది. 

“ఇందుమూలముగా డివిజన్ పరిధిలోని యావన్మంది సిబ్బందికి తెలియజేయడమైనది ఏమనగా, ప్రత్యక్ష ప్రసంగము వలన అనవసర బాధ్యతలు ఉత్పన్నమగుచున్నవి. కావున ఇకమీదట కార్యాలయములందును, పాఠశాలలందును సమస్త సంభాషణలు, విన్నపములు, నివేదికలు పరోక్ష ప్రసంగములోనే జరుపబడవలెను. మాట్లాడిన వ్యక్తియు, ఆ మాటను నివేదించు వ్యక్తియు వేర్వేరుగా ఉండవలెను. తన మాటను తానే నివేదించుకొనుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును. ‘నేను’, ‘ఇక్కడ’, ‘ఇప్పుడు’ అను పదములు ఏ కాగితమునందును కనబడరాదు. కార్యాలయ కంప్యూటర్లనుండి కొటేషన్ గుర్తుల మీటలు తొలగింపబడవలెను.”

సర్క్యులర్‌లోనే మూడుచోట్ల గుర్తులున్నాయని మా హెచ్చెమ్ ఉమాపతి గారు కనిపెట్టారు. సాయంత్రానికల్లా అవి లేని సవరణ ప్రతి వచ్చింది.

దాన్ని అమలు చెయ్యడానికి ఒక నిపుణుడు కావాలి కదా. డివిజన్లో నిపుణుడంటే నేనే. నాకు ‘పరోక్ష ప్రసంగ సమన్వయకర్త’ అని ఒక హోదా ఇచ్చారు, మెడలో వేసుకోవడానికి నీలం తాడుతో ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డు నేను స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తీసేవాణ్ణి కాదు. నవ్వుకుంటే నవ్వుకోండి. ఇరవయ్యారేళ్లలో నా మెడలో పడ్డ మొదటి కార్డు అది.

మొదటి శిక్షణ తరగతి డివిజన్ ఆఫీసు హాల్లో జరిగింది. వేదాద్రి గారు వేదిక మీద కూచున్నారు. ఆయన పక్కన ఆఫీసు క్లర్కు జగ్గారావు నిలబడ్డాడు. డిప్యూటీ గారు జగ్గారావు చెవిలో ఏదో చెప్పేవారు, జగ్గారావు మైకులో మాకు చెప్పేవాడు.

“డిప్యూటీ గారు తమకు చాలా సంతోషంగా ఉందని అన్నారు” అన్నాడు జగ్గారావు. డిప్యూటీ గారి మొహంలో సంతోషం ఎక్కడా లేదు గాని దానికి జగ్గారావు బాధ్యుడు కాడు. “ఈ విధానం వల్ల మన డివిజన్లో ఎవరూ ఏమీ అనని రోజు ఒకటి వస్తుందని ఆశాభావం వ్యక్తపరిచారు. తర్వాత, చప్పట్లు కొట్టవలసిందిగా కోరారు.”

కొట్టాం.

బడిలో నేను శ్రద్ధగా అమలు చేశాను. హాజరు పిలిచినప్పుడు ఎవడి పేరుకి వాడు పలకకూడదు. పక్కవాడు లేచి, తాను వచ్చినట్లు వీడు అన్నాడండీ అని చెప్పాలి. పక్కవాడు రాకపోతే వచ్చినవాడు కూడా రానట్టే. మొదటి వారంలో తొమ్మిదో తరగతిలో కళ్లెదుట కూచున్న పదిహేడు మందికి నేను గైర్హాజరు వేశాను. ఆరో తరగతిలో ఒక పిల్ల ఒంటేలుకి వెళ్లాలని పక్కపిల్లతో చెబితే, ఆ పిల్ల లేచి వాక్యం సరిగ్గా కట్టేలోపు అవసరం తీరిపోయింది. నేను ఆ వాక్యాన్ని మెచ్చుకుని బెంచీ కడిగించాను.

నిజం చెప్పాలి కదా, నాకు ఆ రోజులు పండగలా ఉన్నాయి.

అప్పుడొచ్చింది నర్సమ్మ.

నర్సమ్మ మా బడిలో పన్నెండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఏ పిల్లకి రెండోసారి అన్నం కావాలో, ఏ పిల్లవాడు గుడ్డు చొక్కా జేబులో పెట్టుకుని చెల్లెలికి పట్టుకెళతాడో ఆమెకి తెలుసు. ఒక ఏడాది బడిగంట పగిలిపోతే ఆ ఏడాదంతా ఆమె గొంతే గంట. వంటింటి గుమ్మంలోంచి ఒక్క కేక వేస్తే నూటపన్నెండు మంది కంచాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు.

ఆ రోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర చేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడింది.

“మాస్టారూ, బోజనాల షెడ్డు గోడ బీట తీసింది. మొన్న సీపురుపుల్ల దూరింది, ఇయ్యాల నా సిటికినేలు దూరింది. గోడ పడిపోతాది బాబూ. పిల్లలు దానికే ఆనుకుని కూకుంతన్నారు.”

“హెచ్చెమ్ గారితో చెప్పావా?”

“సెప్పినాను. నీ మాట నువ్వు సెప్పకూడదంట, మాస్టారి సేత సెప్పించు అన్నారు.”

సబబుగానే ఉంది అనుకుని నేను కాగితం తీశాను. అరగంట కష్టపడి రాసి ఆమెకి చదివి వినిపించాను. “ఒక షెడ్డునకు సంబంధించిన ఆ గోడ అప్పుడు బీటలు వారియున్నదనియు, తన చిటికెనవేలు అందు దూరియున్నదనియు, అది పడిపోగలదనియు, అక్కడి వంటమనిషి అన్నట్లు నివేదించడమైనది.”

నర్సమ్మ కాగితంలోకి తొంగి చూసింది. “ఇది మన గోడేనా మాస్టారూ?”

“మన గోడే.”

“మరి సెవితో ఇంతంటే ఎక్కడో, ఎప్పుడో, ఎవలికో అయినట్టుంది గదా.”

“అదే దాని అందం” అన్నాను నేను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అప్పుడు మాత్రం చాలా గర్వంగా అన్నాను.

ఆరు రోజులకి జవాబొచ్చింది. “సదరు గోడ అప్పుడు బీటలు వారియున్నదని గమనించడమైనది. విషయము గతమునకు సంబంధించినది అయినందున ప్రస్తుతము చర్య అవసరము లేదని అభిప్రాయపడడమైనది. చిటికెనవేలు ప్రభుత్వ గుర్తింపు పొందిన కొలత కాదని కూడా తెలియజేయడమైనది.”

ఈసారి నర్సమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. సాంబారు గరిటె, మూరెడు పొడుగు కాడ.

“ఇదిగో మాస్టారూ, ఇప్పుడు గరిటె కాడ దూరతంది. కాడకి ఇటేపు నా సెయ్యి, అటేపు ఎండ. పిల్లల్ని ఒరండాలో కూకోబెట్టమని సెప్పండి బాబూ.”

నేను ఆ ముక్క హెచ్చెమ్ గారి చెవిన వేశాను. వేశానంటే, నర్సమ్మ అన్నట్లుగా వేశాను. ఉమాపతి గారు మంచివాడే. ఎవరికీ చెడు చెయ్యడు. ఎవరికీ ఏమీ చెయ్యడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“వరండాలో ఎలాగండీ? రోజూ భోజనం ఫొటో తీసి పైకి పంపాలి. ఫొటోలో షెడ్డు కనబడకపోతే భోజనం పెట్టనట్టే లెక్క. ఆర్డరు రానివ్వండి. ఇంకో కాగితం పెట్టండి.”

ఇంకో కాగితం పెట్టాను. ఆ కాగితం ఎలా వెళుతుందో మీకు చెప్పాలి. నర్సమ్మ అన్నదాన్ని నేను అన్నట్టు హెచ్చెమ్ గారు రాస్తారు. హెచ్చెమ్ గారు అన్నట్టు జగ్గారావు డిప్యూటీ గారికి చదువుతాడు. ఒక్కో నోరు దాటేసరికి గరిటె కాస్త పొట్టిదయ్యేది, బీట కాస్త సన్నబడేది. చివరికి డిప్యూటీ గారి చెవికి చేరినది, ఒక గోడ విషయమై ఎవరో ఏదో అన్నట్లు ఎవరో అన్నారని. ఆయన దాని మీద “చూచితిమని అన్నట్లు తెలుపవలెను” అని రాశారు.

నర్సమ్మ ఇక కాగితాలు నమ్ముకోలేదు. గోడకి రెండు బారల దూరంలో నేల మీద ముగ్గుపిండితో పొడుగునా ఒక గీత గీసింది. దాన్ని దాటి గోడవైపు ఎవరైనా కూచుంటే గుడ్డు లేదని చెప్పింది. ఆ ఒక్క ఉత్తర్వు డివిజన్లో ఎక్కడా లేనంత కచ్చితంగా అమలైంది. పిల్లలు ఇరుకిరుగ్గా, మోకాళ్లు ఒకరివొకరికి తగిలేలా కూచుని, గీతకి ఇవతలే తిన్నారు. రోజూ పొద్దున్నే వచ్చి ఆమె ఆ గీత మళ్లీ గీసేది. మళ్లీ స్టాఫ్ రూమ్‌కి వచ్చి మూడోసారి చెప్పింది. ఈసారి గరిటె తేలేదు.

“పిడికిలి పడతంది మాస్టారూ” అంది. అంతే అంది.

మూడో కాగితం రాస్తుండగానే కబురొచ్చింది. పరోక్ష ప్రసంగం అమల్లో మా బడి ఆదర్శ పాఠశాలగా ఎంపికైంది. డిప్యూటీ గారు తనిఖీకి వస్తారట. మధ్యాహ్నం పిల్లలతో కలిసి భోజనం చేస్తారట. ఫొటోలుంటాయట. నేను కాగితం పక్కన పెట్టి పిల్లల చేత స్వాగత వాక్యం బట్టీ పట్టించడంలో పడ్డాను.

గురువారం పన్నెండు గంటలకి వేదాద్రి గారు, జగ్గారావు జీపు దిగారు. పిల్లలు వరసగా నిలబడి “మీకు స్వాగతమని మా పక్కవాళ్లు అన్నారు” అని ముక్తకంఠంతో అన్నారు. డిప్యూటీ గారు కళ్లు మూసుకుని విన్నారు. జగ్గారావు నా దగ్గరికి వచ్చి, “సార్ చాలా ఆనందించినట్లు ఉన్నారు” అన్నాడు. నా మెడలో కార్డు బరువెక్కింది.

తర్వాత భోజనాల షెడ్డు. డిప్యూటీ గారు ముగ్గు గీత చూశారు, జగ్గారావు చెవిలో ఏదో అన్నారు.

“ఈ గీత దేనికని సార్ అడుగుతున్నారు” అన్నాడు జగ్గారావు. “పిల్లలంతా ఒకవైపు కుక్కేసినట్టున్నారని, ఫొటో బాగా రాదని, గోడవైపు నీడ ఉందని, అటు వరసగా కూచోబెట్టవచ్చు కదా అని కూడా అడుగుతున్నారు.”

నర్సమ్మ నోరు తెరిచింది. హెచ్చెమ్ గారు ఆమెకి వద్దని సైగ చేసి నా వైపు చూశారు. సమన్వయకర్తను నేను.

“గోడకి దూరంగా ఉండడం మంచిదని ఒకరు అన్నట్లు...” అన్నాను.

“ఎవరు అన్నారని సార్ అడుగుతున్నారు.”

ఎవరని చెబితే ఆమె నేరుగా మాట్లాడినట్టవుతుంది. ఆమె నేరుగా మాట్లాడితే నా బడి ఆదర్శ పాఠశాల ఎలా అవుతుంది? “ఎవరో అన్నట్లు తెలిసిందండి” అన్నాను. ఆ ఎవరో నా పక్కనే, మూరెడు దూరంలో, అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నా మొహంలోకి చూసింది. నేను కార్డు సర్దుకున్నాను.

చీపురు తెప్పించి గీత తుడిపించారు. పిల్లలు బెరుగ్గా జరిగి గోడ పొడుగునా రెండు వరసల్లో కూచున్నారు. మొదటి వరస వీపులు గోడకి ఆనాయి. మధ్యలో మూడు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో డిప్యూటీ గారు. ఆయన పక్కన జగ్గారావు, ఆ పక్కన నేను. హెచ్చెమ్ గారు ఫొటో తియ్యడానికి దూరంగా వెళ్లారు.

నర్సమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. నాలుగో పిల్ల కంచంలో అన్నం పెట్టింది, సాంబారు పోసింది. ఆ సాంబారు మీద తెల్లగా ఏదో రాలింది. సున్నం. ఆమె తలెత్తి చూసింది.

గిన్నె కింద పడేసింది.

“లెగండర్రా! కంచాలొగ్గీండి! బయిటికి పరిగెట్టండి!”

గంట లేని ఏడాది విన్న గొంతు అది. నూటపన్నెండు మంది ఒక్క ఉదుటున లేచారు. ఎవరు అన్నారని ఏ పిల్లా అడగలేదు. ఎవరి తరఫున అన్నారని అడగలేదు. అన్నం తొక్కుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు లాక్కుంటూ గ్రౌండ్లోకి పడ్డారు.

జగ్గారావు కూడా వాళ్లతోపాటే పరిగెత్తాడు. పాపం, అతనికి కూడా ఆ గొంతు నేరుగానే తగిలినట్టుంది.

డిప్యూటీ గారు మాత్రం కదల్లేదు. ఆయనకి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన జగ్గారావు లేడు. కనుక ఆయన నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు. ఆమె ఏమంటోందని ఆ కనుబొమల అర్థం.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను. నేను కుర్చీలో నిటారుగా కూచుని వాక్యం కడుతున్నాను. బయటికి వెళ్లవలసిందిగా ఆమె... ఆజ్ఞాపించింది అనాలా? వంటమనిషి అధికారిని ఎలా ఆజ్ఞాపిస్తుంది? అభ్యర్థించింది అందామంటే అది అభ్యర్థనలా లేదు. హెచ్చరించింది అంటే డిప్యూటీ గారు బెదిరింపు అనుకుంటారేమో. నా వెనక గోడ గరగరమంటోంది. నేను క్రియాపదం వెతుక్కుంటున్నాను.

నర్సమ్మ వెనక్కి వచ్చింది. ఒక చేత్తో డిప్యూటీ గారి మణికట్టు, ఇంకో చేత్తో నా మెడలో నీలం తాడు పట్టుకుని గేదెదూడల్ని లాగినట్టు లాగింది. గుమ్మం దాటామో లేదో, వెనక గోడ మొత్తం ఒక్కసారిగా పడుకుంది. దుమ్ము తగ్గాక చూస్తే కుర్చీలు లేవు. ఇటుకల సందులోంచి ఒక కంచం అంచు మెరుస్తోంది.

గ్రౌండ్లో నర్సమ్మ ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి పైకే లెక్కపెడుతోంది. నూటపన్నెండు అయ్యేవరకూ నేనూ ఆమెతోపాటు లోలోపల లెక్కపెట్టాను. అయ్యాక కూలబడ్డాను. భయంతో అనుకున్నారు అందరూ. సిగ్గుతో.

నాలుగో రోజున ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. అందులో నర్సమ్మ పేరిట రెండు మెమోలున్నాయి. వాటిని ఆమెకి చదివి వినిపించి, ఆమె సంజాయిషీని పరోక్ష ప్రసంగంలో రాసి తీసుకురావలసిందిగా సమన్వయకర్తకి, అంటే నాకే, ఉత్తర్వు.

నర్సమ్మ వరండాలో రాళ్లు పేర్చి పొయ్యి పెట్టింది. పక్కన కూచుని మొదటిది చదివాను. “సదరు వంటమనిషి తనిఖీ సమయమునందు ఉన్నతాధికారి సమక్షమున ప్రత్యక్ష ప్రసంగము చేసియున్నది. అంతియేగాక అధికారి ముంజేతిని పట్టుకొని లాగియున్నది. ఇందుకు ఆమెను విధులనుండి ఎందుకు తొలగించరాదో తెలుపవలెను.”

రెండోది చదివాను. “గోడ విషయమై కార్యాలయ దస్త్రములు పరిశీలించగా, అన్నట్లు అన్నారన్న నివేదికలే తప్ప ఎవరూ ఏమీ చెప్పిన దాఖలా కానరాలేదు. గోడ స్థితి సదరు వంటమనిషికి మాత్రమే ముందుగా తెలిసియుండియు, ఎవరికిని నేరుగా తెలియజేయక నిర్లక్ష్యము వహించినందులకు, ఆమెను విధులనుండి ఎందుకు తొలగించరాదో తెలుపవలెను.”

నర్సమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

“ఒకదాన్ల ఎందుకు సెప్పినావంతన్నారు. ఒకదాన్ల ఎందుకు సెప్పనేదంతన్నారు. ఏది ఒప్పుకోమంతారు బాబూ?”

నేను కాగితాలు మడతపెట్టాను.

“నాను మీకు సెప్పినాను గదా మాస్టారూ. మూడుసార్లు సెప్పినాను. మీకు ఇనబడనేదా?”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. నా చెవులు బాగాలేవేమో అన్న అనుమానంతో అడిగినట్టే అడిగింది. పన్నెండేళ్ల పని పోతుంది ఆమెకి. పోగొట్టింది గోడ కాదు. ఆఫీసు ఆమె మీద చూపించిన ప్రతి కాగితమూ నా వాక్యంతో మొదలైందే.

శుక్రవారం డిప్యూటీ గారి గదిలో విచారణ. మణికట్టుకి ఆయన ఒక తెల్లటి పట్టీ కట్టుకున్నారు. జగ్గారావు కంప్యూటర్ ముందు కూచున్నాడు. హెచ్చెమ్ గారు కిటికీ వైపు చూస్తున్నారు. నర్సమ్మ గోడకి దూరంగా, గది మధ్యలో నిలబడింది. అలవాటైపోయింది కాబోలు.

“వంటమనిషి ఏమని అన్నదో సమన్వయకర్త తెలుపవలసిందిగా సార్ కోరుతున్నారు” అన్నాడు జగ్గారావు.

మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

“నేను చెబుతాను” అన్నాను.

రెండు నెలలుగా ఆ గదిలో వినబడని మాట ‘నేను’. జగ్గారావు చేతులు మీటల మీద ఆగిపోయాయి.

“ఏమిటయ్యా నువ్వు మాట్లాడేది?” అన్నారు డిప్యూటీ గారు. అని నాలుక్కరుచుకున్నారు. ఆయన కూడా రెండు నెలల తర్వాత మొదటిసారి మాట్లాడారు. దాన్ని టైపు చెయ్యాలో వద్దో తెలియక జగ్గారావు ఆయన మొహంలోకీ నా మొహంలోకీ చూశాడు.

“ఆమె నాకు చెప్పింది సార్. నాకే చెప్పింది. గోడ పడిపోతుందని మూడుసార్లు చెప్పింది. మాట మార్చింది నేను. ఇప్పుడు అన్నదాన్ని అప్పుడని రాశాను. మన గోడని ఏదో గోడని రాశాను. ఆ రోజు మీరు ఎవరన్నారని అడిగితే, పక్కన ఆమెని పెట్టుకుని, ఎవరో అన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించండి. ఏ రోజు ఏ మాట అన్నదో నాకు జ్ఞాపకం ఉంది.”

మూడు మాటలూ చెప్పాను. సిటికినేలు దూరింది, గోడ పడిపోతాది బాబూ. గరిటె కాడ దూరతంది, పిల్లల్ని ఒరండాలో కూకోబెట్టమని సెప్పండి. పిడికిలి పడతంది మాస్టారూ. జగ్గారావు టైపు చేశాడు. చేసి మెల్లగా అన్నాడు. “గుర్తులు పెట్టాలంటే మీట లేదండి. పీకేశారు.”

“మీట అక్కర్లేదు. కాగితం ఇలా ఇవ్వు.”

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. ఇరవయ్యారేళ్లు ఆ గుర్తుల్ని కొట్టేసిన పెన్ను. పెన్నులు మారాయి గాని రంగు అదే. ఒక్కో మాటకి ముందు రెండు, వెనక రెండు, నెమ్మదిగా, బడిపిల్లవాడు దిద్దినట్టు దిద్ది పెట్టాను. కింద ‘ఈ మాటలు నేను విన్నాను’ అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. గుర్తులు ఒక్కటీ వంకర పోలేదు.

ఆ కాగితంతో డిప్యూటీ గారికి పెద్ద చిక్కొచ్చి పడింది. నర్సమ్మని తియ్యాలంటే ఫైలు పైకి పంపాలి. పైకి పంపాలంటే నా వాంగ్మూలం జతచెయ్యాలి. అందులో గుర్తులున్నాయి. గుర్తులున్న కాగితం ఏం చేస్తుందో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు జిల్లాలో లేరు. రెండు వారాల తర్వాత, అసలు ఆ వంటమనిషికి మెమోలేవీ ఇచ్చినట్లు లేదని డిప్యూటీ గారు అన్నట్లు జగ్గారావు అన్నాడని హెచ్చెమ్ గారు నాతో చెప్పారు. నేను పెంచి పోషించిన పరోక్ష ప్రసంగం నర్సమ్మకి చేసిన మేలు అదొక్కటే.

నాకు మాత్రం మెమో వచ్చింది. గుర్తులు పెట్టినందుకు. సర్క్యులర్‌ని ఎవరూ రద్దు చెయ్యలేదు. రద్దు చేశామని ఎవరో ఒకరు నేరుగా చెప్పాలి కదా.

పిల్లలు ఇప్పుడు వరండాలో తింటున్నారు. ఫొటోలో షెడ్డు కనబడడం లేదు. ఎందుకు కనబడడం లేదని ఎవరూ అడగలేదు కూడా.

మొన్న భోజనం వేళ హెచ్చెమ్ గారు నా పక్కన కూచుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ చూశారు. “సాంబారులో ఉప్పు కాస్త తక్కువైనట్లు ఎవరైనా ఆమెతో అంటే బాగుంటుందని...” అని నసిగారు.

నేను కంచం పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను.

“నర్సమ్మా, సాంబారులో ఉప్పు తక్కువైంది.”

ఆమె డబ్బాలోంచి గుప్పెడు ఉప్పు తీసి గిన్నెలో వేసి, గరిటెతో రెండు తిప్పులు తిప్పింది. 

“సెప్తే అయిపోయే పనే గదా మాస్టారూ” అంది.